తాళం పడిన కంప్యూటర్

చెవి పోయినంత మాత్రాన సందుగ పగలగొట్టనక్కర లేదు

కోరుట్ల దగ్గర ఒక పల్లెలో మా మేనబావ ఇల్లు. ముందరి అర్రలో టీవీ పక్కన, పూల గుడ్డ కప్పుకుని ఒక కంప్యూటర్ ఉంటుంది. బావ మస్కట్‌లో పద్నాలుగేండ్లు మేస్త్రీ పని చేసి వచ్చిన మనిషి. కంప్యూటర్ కొన్నది మాత్రం పెద్ద కొడుకు, డిగ్రీ చదివే రోజుల్లో. ఆ అబ్బాయి ఇప్పుడు దుబాయిలో ఉన్నాడు. కంప్యూటర్ ఇంట్లోనే ఉండిపోయింది, దాని తాళం చెవి మాత్రం అతని వెంట వెళ్ళింది. చెవి అంటే ఇనుముది కాదు, పాస్‌వర్డ్.

కిందటి ఎండాకాలం చిన్న బిడ్డకు కాలేజీ దరఖాస్తు కోసం పదో తరగతి మెమో కావలసి వచ్చింది. స్కాన్ చేసి అందులో పెట్టారని అందరికీ గుర్తే. గుడ్డ తీసి, దుమ్ము దులిపి, స్విచ్చు వేశారు. పేరు కనిపించింది, కింద ఖాళీ గడి కనిపించింది. కొడుక్కి ఫోను చేశారు.

"బాపూ, యాది లేదే. నాలుగేండ్లాయె దాన్ని ముట్టక" అన్నాడు.

తల్లి పుట్టిన తేదీ కొట్టి చూశారు. బండి నంబరు కొట్టారు. వేములవాడ రాజన్న పేరు కూడా కొట్టారు. చివరికి బావ దాన్ని సంచిలో పెట్టుకుని బస్సెక్కి పట్నంలో ఒక దుకాణానికి తీసుకుపోయాడు. అక్కడి పిల్లవాడు చూసి, "ఫార్మాట్ కొడితె అయిపోతది కాకా, గంట సేపట్ల ఇస్త" అన్నాడు. ఫార్మాట్ అంటే ఏమిటో బావకు తెలియదు. లోపల ఏమున్నాయో ఆ పిల్లవాడు అడగలేదు, ఈయన చెప్పలేదు. అయిదు వందలు తీసుకుని గంటలో ఇచ్చాడు.

ఇంటికి వచ్చి తెరిస్తే అలికిన వాకిలి లెక్క ఖాళీగా ఉంది. మెమో పోయింది. అది పోతే పోయింది, బడికి పోయి మళ్ళీ తెచ్చుకోవచ్చు. కానీ మూడేండ్ల కింద పోయిన మా మేనత్త ఫోటోలన్నీ అందులోనే ఉన్నాయి. కొడుకు తన మొదటి ఫోను నుంచి ఎక్కించి పెట్టినవి, ఇంకెక్కడా లేనివి.

ఇది ఒక్క ఇంటి కథ కాదు. జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ ప్రాంతాల్లో ఇంటికొకరు గల్ఫ్‌లో ఉన్న పల్లెలు ఎన్నో ఉన్నాయి. బాసరలో 2008లో పెట్టిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం పుణ్యమా అని ల్యాప్‌టాప్ చూడని పల్లె కూడా ఇప్పుడు తక్కువే. కొన్న పిల్లలు ఊరు దాటుతారు, పెట్టె తల్లిదండ్రుల దగ్గర ఉంటుంది. తాళం మరిచిపోతే ఏం చెయ్యాలో, ఏది చెయ్యకూడదో రాయమని చాలామంది అడుగుతున్నారు. మా బావ ఇంట్లో అట్లా జరిగాక రాయక తప్పలేదు.

మొదట అడగవలసిన ప్రశ్న

పాస్‌వర్డ్ మరిచిపోయామా, లేక సరైన పాస్‌వర్డే కొడుతున్నా యంత్రం తప్పుగా తీసుకుంటున్నదా? ఈ ప్రశ్న ఎవరూ వేసుకోరు. నేనూ వేసుకోలేదు. మా ఇంట్లో ఒక పొద్దు రెండు గంటలు అవస్థ పడ్డాను. రోజూ కొట్టే పాస్‌వర్డే, వేళ్ళకు అలవాటైనదే, తప్పు అంటుంది. చివరికి గడి పక్కన ఉండే కన్ను బొమ్మ నొక్కితే సంగతి బయటపడింది. గడిలో తెలుగు అక్షరాలు పడి ఉన్నాయి! అంతకు ముందు మా అమ్మాయి తెలుగులో ఏదో రాసుకుని కీబోర్డును తెలుగులోనే వదిలి లేచిపోయింది. చుక్కలు తప్ప ఏమీ కనబడవు కనుక నాకు తెలియలేదు.

తెర కింద కుడి మూలన భాష గుర్తు ఉంటుంది. అది తెలుగు చూపిస్తుంటే నొక్కి ఇంగ్లీషుకు మార్చాలి. విండోస్ మీట పట్టుకుని స్పేస్ బార్ కొట్టినా మారుతుంది. క్యాప్స్ లాక్ దీపం వెలుగుతున్నదేమో చూడాలి. అంకెల పిన్ను అయితే నమ్ లాక్ చూడాలి, అది ఆరిపోయి ఉంటే పక్కనున్న అంకెల మీటలు పని చెయ్యవు. పాత కీబోర్డుల్లో ఒక్కో మీట అరిగిపోయి పడదు, అదీ కన్ను బొమ్మతో తెలిసిపోతుంది.

పిన్ను నాలుగైదు సార్లు తప్పితే విండోస్ 'ఏ 1 బి 2 సి 3' అని కొట్టమంటుంది. కంప్యూటర్‌ను ఎవరో పట్టేసుకున్నారని ఇది చూసి భయపడేవారున్నారు. భయం అక్కర లేదు. మీటల మీద పుస్తకమో, పిల్లి కాలో పడి వాటంతట అవే నొక్కుకుంటున్నాయా, మనిషే కొడుతున్నాడా అని యంత్రం అడిగే పరీక్ష అది. కొత్త విండోస్ 11 యంత్రాల్లో పదిసార్లు తప్పితే పది నిమిషాలు ఆగమంటుంది. ఆ పది నిమిషాలు చాయ తాగి రావడం మేలు. కోపంతో కొట్టే పాస్‌వర్డ్ ఎట్లాగూ తప్పే.

రెండు రకాల తాళాలు

నిజంగానే మరిచిపోతే, తరువాత తెలుసుకోవలసింది ఏ తాళమో. విండోస్‌లో ఇది రెండు రకాలు. ఒకటి మైక్రోసాఫ్ట్ ఖాతా. దీనికి ఈమెయిల్ ఉంటుంది, తాళం వివరాలు ఆ కంపెనీ దగ్గర ఉంటాయి. రెండవది లోకల్ ఖాతా. దాని తాళం ఆ యంత్రం లోపలే ఉంటుంది, బయట ఎవరికీ తెలియదు. గడి పైన పేరుతో పాటు ఈమెయిల్ కనిపిస్తే మొదటి రకం. కనిపించకపోయినా కొన్నిసార్లు మొదటి రకమే కావచ్చు, కొన్నవాణ్ణి అడిగితే తేలుతుంది.

మొదటి రకమైతే సగం కష్టం తీరినట్టే. కంప్యూటర్‌ను ముట్టుకోకుండా చేతిలోని ఫోనుతోనే పని అవుతుంది. మైక్రోసాఫ్ట్ వారి ఖాతా పేజీ తెరిచి, పాస్‌వర్డ్ మరిచిపోయాను అన్న చోట నొక్కితే, ముందు ఇచ్చిన ఫోనుకో ఇంకో ఈమెయిల్‌కో ఒక సంఖ్య పంపుతారు. అది వేసి కొత్త పాస్‌వర్డ్ పెట్టుకోవచ్చు. దుబాయిలో ఉన్న కొడుకు అక్కడినుంచే ఈ పని చేసి కొత్తది ఫోనులో చెప్పవచ్చు. మన దగ్గర పొద్దున తొమ్మిదయితే అక్కడ ఏడున్నర, డ్యూటీకి పోకముందే చేసుకోవచ్చు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. కొత్త పాస్‌వర్డ్ పెట్టిన సంగతి ఇంటి కంప్యూటర్‌కు ఇంటర్నెట్ తగిలితే గాని తెలియదు. నెట్ లేకుంటే అది పాతదే అడుగుతూ కూర్చుంటుంది. తాళం తెర మీదే కింద నెట్ గుర్తు ఉంటుంది. ఫోనులో హాట్‌స్పాట్ పెట్టి, అక్కడినుంచే కలిపి, ఆ తరువాత కొత్త పాస్‌వర్డ్ కొట్టాలి. "మార్చినం గని తీసుకుంటలేదు" అనేవారిలో చాలామంది చేసే పొరపాటు ఇదే.

లోకల్ ఖాతా అయితే ఫోనుతో పని కాదు. పాస్‌వర్డ్ ఒకసారి తప్పు కొడితే గడి కింద 'రీసెట్' అన్న మాట వస్తుంది. దాన్ని నొక్కితే ఖాతా పెట్టిన రోజు ఎంచుకున్న మూడు ప్రశ్నలు అడుగుతుంది. పుట్టిన ఊరు, మొదటి పెంపుడు జంతువు పేరు, అట్లాంటివి. ఈ ప్రశ్నల పద్ధతి 2018లో వచ్చిన విండోస్ 10 మార్పులతో మొదలైంది. జవాబులు రాసుకున్నప్పుడు ఊరి పేరు ఏ స్పెల్లింగుతో రాశారో గుర్తు తెచ్చుకోవాలి. మన ఊళ్ళ పేర్లకు ఇంగ్లీషులో మూడు నాలుగు స్పెల్లింగులుంటాయి కదా. ఆ మధ్య ఒకరికి సిరిసిల్లలో 'ఎల్' ఒకటా రెండా అన్న దగ్గరే పొద్దు పోయింది.

అదే కంప్యూటర్‌లో అడ్మినిస్ట్రేటర్ హక్కు ఉన్న ఇంకో మనిషి ఖాతా ఉంటే అదీ మంచి దారి. ఆ మనిషి తన పాస్‌వర్డ్‌తో లోపలికి పోయి, కంట్రోల్ పానెల్‌లో యూజర్ ఖాతాల దగ్గర, మరిచిపోయిన వారికి కొత్త పాస్‌వర్డ్ పెట్టవచ్చు. ఫోటోలు, కాగితాలు ఎక్కడివక్కడే ఉంటాయి. కాకుంటే పాత ఖాతాలో దాచిన వెబ్‌సైట్ల పాస్‌వర్డులు, ప్రత్యేకంగా సంకేతలిపి పెట్టి దాచిన ఫైళ్లు పోవచ్చు.

పాత నంబరు చిక్కు

అన్నిటికన్నా ఎక్కువ ఇబ్బంది పెడుతున్నది ఫోను నంబరు. ఖాతా పెట్టిన రోజు ఇచ్చింది ఊళ్ళో సిమ్ము నంబరు. గల్ఫ్‌కు పోయాక అబ్బాయి అక్కడి సిమ్ము వేసుకున్నాడు. ఇక్కడి సిమ్ము అల్మారాలో పడి ఉంది, రీచార్జి లేదు. వాడకుండా 90 రోజులు వదిలేసిన నంబరును కంపెనీ రద్దు చేయవచ్చు. కొన్నాళ్ళకు అది ఇంకెవరికో ఇస్తారు. మన తాళం సంఖ్య ముక్కూ మొహం తెలియని మనిషి ఫోనుకు పోతుందన్న మాట.

అట్లా అయినవారికి మైక్రోసాఫ్ట్ ఒక దరఖాస్తు పెట్టింది. పాత పాస్‌వర్డులు ఏవైనా గుర్తుంటే, ఈమధ్య పంపిన ఉత్తరాల పేర్లు గుర్తుంటే అందులో రాయాలి. సాధారణంగా ఒక రోజులో జవాబు వస్తుంది. ఫోను, ఈమెయిల్ అన్నీ ఒకేసారి మార్చవలసి వస్తే 30 రోజులు ఆగాలని నిబంధన. నెల రోజులా అని విసుక్కోవద్దు. దొంగ మీ ఖాతా పేరు మీద దరఖాస్తు పెట్టినా అదే నెల రోజులు ఆగాలి, ఈలోపు మీకు తెలిసిపోతుంది. ప్రయాణం కట్టే ముందే ఖాతాలో నంబరు మార్చుకోవడం అయిదు నిమిషాల పని. పాస్‌పోర్టు, వీసా, మెడికల్ అని నెలరోజులు తిరుగుతారు గాని, ఈ అయిదు నిమిషాలు ఎవరికీ యాది ఉండదు.

ఒక హెచ్చరిక. మైక్రోసాఫ్ట్ కస్టమర్ కేర్ అని నెట్‌లో వెతికి కనబడిన నంబరుకు ఫోను చెయ్యవద్దు. అట్లాంటి నంబర్లలో చాలా మటుకు మోసగాళ్ళవి. ఫోనులో ఏదో యాప్ వేసుకోమంటారు, తెర వాళ్ళకు కనబడుతుంది, ఆ తరువాత బ్యాంకు ఖాతా ఖాళీ. అట్లా డబ్బు పోతే ఆలస్యం చెయ్యకుండా 1930కి ఫోను చెయ్యాలి.

పసుపు కొమ్ము, పసుపు పిండి

"కంపెనీవాడే పెట్టిన తాళం కదా, వాడినే అడిగితే మన పాస్‌వర్డ్ చెప్పడా?" అని మా బావ అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. ఆ కంపెనీకి 2014 ఫిబ్రవరి నుంచి పెద్ద మన హైదరాబాదులో పుట్టిన సత్య నాదెళ్ల. ఆయన్నే అడిగినా చెప్పలేడు. ఎందుకో తెలియాలంటే కాస్త వెనక్కి పోవాలి.

కంప్యూటర్‌కు పాస్‌వర్డ్ పెట్టడం 1960ల తొలినాళ్ళలో అమెరికాలోని ఎం.ఐ.టి.లో మొదలైంది. అప్పుడు గదంత కంప్యూటర్ ఒక్కటి ఉంటే వందల మంది పంచుకోవాలి. శ్రీరాంసాగర్ కాలువ నీళ్ళు వారబందీ మీద వదిలినట్టు, యంత్రం సమయాన్ని మనిషికింత అని పంచేవారు. ఎవరి వంతు, ఎవరి కాగితాలు వారివే ఉండాలని ఫెర్నాండో కోర్బాటో అనే ఆయన బృందం ఒక్కొక్కరికి ఒక రహస్య మాట పెట్టింది. అది పెట్టి ఎంతో కాలం కాకముందే దొంగదారి పుట్టింది. 1962లో ఆలన్ షెర్ అనే పరిశోధక విద్యార్థికి వారానికి ఇచ్చిన గంటలు సరిపోలేదు. పాస్‌వర్డులన్నీ ఒక ఫైలులో ఉన్నట్టు ఉన్నాయి కనుక, ఆ ఫైలును అచ్చు వేయమని యంత్రానికి చీటీ పెట్టాడు. అది అచ్చు వేసి ఇచ్చింది. మిగతావారి వంతులు కూడా ఆయన వాడుకున్నాడు. మోటారు దగ్గర వంతు తప్పించి నీళ్ళు కట్టుకునేవాడు మన ఊళ్ళోనే కాదు, అక్కడా ఉన్నాడు.

ఆ తరువాత వచ్చిన మార్పు ఏమిటంటే, పాస్‌వర్డును ఉన్నదున్నట్టు దాచడం మానేశారు. మెట్‌పల్లి, కోరుట్ల రైతులకు ఇది చెప్పడం తేలిక. పసుపు కొమ్మును పిండి పట్టిస్తే పిండి అవుతుంది. పిండిని మళ్ళీ కొమ్ము చెయ్యడం ఎవరి తరం కాదు. పాస్‌వర్డును కూడా అట్లా లెక్కల మరలో వేసి పిండి చేసి, ఆ పిండినే దాస్తారు. రేపు మీరు పాస్‌వర్డ్ కొడితే దాన్నీ అదే మరలో వేసి, రెండు పిండ్లూ ఒకటేనా అని చూస్తారు. ఒకటే అయితే తలుపు తీస్తారు. రాబర్ట్ మారిస్, కెన్ థాంప్సన్ అనే ఇద్దరు 1979లో దీని మీద ప్రసిద్ధమైన వ్యాసం రాశారు. ఇద్దరు మనుషులు ఒకే పాస్‌వర్డ్ పెట్టుకున్నా పిండి వేరువేరుగా రావాలని మరలో చిటికెడు వేరే అంకెలు కలిపారు. వాటికి ఆ వృత్తిలో పేరు ఉప్పు అనే. కనుక పాస్‌వర్డ్ చెప్పడం ఎవరి వల్లా కాదు. మార్చడం మాత్రమే అవుతుంది.

ఎలగందుల సొరంగం

కరీంనగర్ దగ్గర ఎలగందుల కోట చూడనివారు ఉండరు. ఆ కోట నుంచి మానకొండూరు దాకా సొరంగం ఉందని జనం చెప్పుకుంటారు. గుట్ట మీది ద్వారం ఎంత గట్టిదైనా లోపలినుంచి పోవడానికి వేరే తోవ ఉంచుకున్నారని అర్థం. కంప్యూటర్ తాళం సంగతీ చాలాకాలం అట్లాగే ఉండేది.

విండోస్ 98లో గడి వచ్చినప్పుడు పాస్‌వర్డ్ కొట్టకుండా 'క్యాన్సిల్' నొక్కితే చాలు, లోపలికి పోయేవారు. అది తాళం కాదు, తాళం బొమ్మ. 2001లో వచ్చిన ఎక్స్‌పీ హోమ్‌లో సేఫ్ మోడ్‌లో తెరిస్తే, పాస్‌వర్డే లేని అడ్మినిస్ట్రేటర్ ఖాతా ఒకటి కనిపించేది. ఆ రోజుల మెకానిక్కులు ఇప్పటికీ సేఫ్ మోడ్ అంటూనే ఉంటారు, ఇప్పుడు దానితో పని కాదు. అట్లాగే విండోస్ కన్నా ముందే నల్ల తెర మీద పాస్‌వర్డ్ అడిగితే అది వేరే తాళం, దాన్ని బయోస్ అంటారు. పాత డెస్క్‌టాప్‌లలో లోపలి నాణెం బ్యాటరీ తీసి పెడితే అది పోయేది, ఇప్పటి ల్యాప్‌టాప్‌లలో చాలా వాటికి పోదు.

ఇప్పటికీ మిగిలి ఉన్న సొరంగం ఒకటుంది, అది న్యాయమైనదే. తలుపు తెరవకుండా లోపలి సామాను తీసుకోవడం. హార్డ్ డిస్కును విప్పి వేరే కంప్యూటర్‌కు తగిలించినా, లేక లినక్స్ ఉన్న పెన్‌డ్రైవ్‌తో అదే కంప్యూటర్‌ను నడిపినా, ఫోటోలు, కాగితాలు కనిపిస్తాయి, ఇంకో చోటికి తీసుకోవచ్చు. విండోస్ తాళం విండోస్ నడుస్తున్నప్పుడే కాపలా కాస్తుంది, అది నిద్రపోతే కాపలా లేదు. మా బావ కంప్యూటర్ పాతది. ఆ దుకాణంలో పిల్లవాడు అరగంట ఓపిక పట్టి ఈ పని చేసి ఉంటే ఒక్క ఫోటో పోయేది కాదు. ముందు సామాను బయటికి తీసి, తరువాత ఫార్మాట్ కొట్టుకుంటే ఎవరికి నష్టం?

అయితే కొత్త యంత్రాలకు ఈ సొరంగం కూడా పూడ్చేశారు. డిస్కు మీద ఉన్నదంతా సంకేతలిపిలో ఉంటుంది. తలుపు పగిలినా, డిస్కు విప్పినా గీతలు తప్ప ఏమీ కనబడవు. 2024 నాటి విండోస్ 11 మార్పుల నుంచి, కొత్తగా కొన్న చాలా కంప్యూటర్లలో ఇది అడగకుండానే మొదలవుతుంది. దాన్ని తెరిచే మారుచెవి 48 అంకెల సంఖ్య. మైక్రోసాఫ్ట్ ఖాతాతో మొదలుపెట్టిన యంత్రమైతే ఆ సంఖ్య ఆ ఖాతా పేజీలో పరికరాల దగ్గర ఉంటుంది. ఆ ఖాతా కూడా పోయి, సంఖ్య ఎక్కడా రాసుకోకపోతే, ఫోటోలు ఇక లేనట్టే. ఎంత పెద్ద మెకానిక్కూ ఏమీ చెయ్యలేడు. చేస్తానని డబ్బు తీసుకునేవాణ్ణి నమ్మకూడదు.

ఈ బాధ పెద్దవాళ్ళకూ తప్పలేదు. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఉండే స్టెఫన్ థామస్ అనే ప్రోగ్రామర్‌కు 2011లో ఒక వీడియో చేసినందుకు 7,002 బిట్‌కాయిన్లు ఇచ్చారు. వాటి తాళాన్ని సంకేతలిపి ఉన్న చిన్న డ్రైవులో పెట్టి, దాని పాస్‌వర్డ్ రాసిన కాగితం పోగొట్టుకున్నాడు. పదిసార్లు తప్పితే ఆ డ్రైవు తనంతట తాను శాశ్వతంగా మూసుకుపోతుంది. ఎనిమిదిసార్లు అయిపోయాయని 2021 జనవరిలో పత్రికల్లో వచ్చింది. అప్పటికి వాటి విలువ 20 కోట్ల డాలర్ల పైనే.

దుకాణానికి పోతే

తీసుకుపోక తప్పనప్పుడు మొదటి మాటే ఇట్లా చెప్పాలి: "లోపల ఫోటోలున్నయి, కాగితాలున్నయి, అవి మాకు కావాలె. ఫార్మాట్ చేసే ముందు నన్ను అడుగు." చీటీ మీద రాయించుకోవడం ఇంకా మంచిది. డిస్కు సంకేతలిపిలో ఉందా లేదా చూసి చెప్పమనాలి. ఫోటోలు తీసి పెట్టడానికి మన పెన్‌డ్రైవు మనమే తీసుకుపోవాలి. వీలైతే పక్కన కూర్చుని చూడాలి. ఇంటి ఫోటోలు, ఆడపిల్లల ఫోటోలు, బ్యాంకు కాగితాలు ఉన్న పెట్టెను తెలియనివారి దగ్గర రాత్రికి వదిలి రావడం మంచిది కాదు. పాస్‌వర్డ్ చెరిపేసే సాధనాలు కొన్ని దుకాణాల్లో ఉంటాయి. లోకల్ ఖాతా ఉన్న పాత యంత్రాలకు అవి పని చేస్తాయి కూడా. అయితే ఎక్కడినుంచో దించుకున్న దొంగ సాధనాలతో పాటు వైరస్సులు వస్తాయి.

మైక్రోసాఫ్ట్ చెప్పే ఆఖరి దారి కూడా తుడిచెయ్యడమే. షిఫ్ట్ మీట పట్టుకుని తాళం తెర మీద 'రీస్టార్ట్' నొక్కితే, ట్రబుల్‌షూట్ లోపల 'రీసెట్ దిస్ పీసీ' కనిపిస్తుంది. అన్నీ తీసెయ్యి అని చెపితే యంత్రం కొత్తదవుతుంది. ఈ పనికి దుకాణం అక్కర లేదు, ఎవరికీ అయిదు వందలు ఇవ్వనక్కర లేదు. లోపల దాచుకోవలసింది ఏమీ లేనప్పుడు మాత్రమే ఈ దారి.

కొన్న సెకండ్ హ్యాండ్ కంప్యూటర్ తాళంతో వస్తే అమ్మినవాణ్ణి పిలిచి అతని చేతనే తీయించాలి. ఎవరిదో తెలియని ల్యాప్‌టాప్ తాళం తీయమని దుకాణానికి తెస్తే బిల్లు చూపించమని అడిగే దుకాణదారు మంచివాడు, అతని మీద కోపం వద్దు. సమాచార సాంకేతిక చట్టం 2000 లోని 43, 66 సెక్షన్ల ప్రకారం, యజమాని అనుమతి లేకుండా మోసపు ఉద్దేశంతో కంప్యూటర్‌లోకి పోతే మూడేండ్ల దాకా జైలు, లేదా అయిదు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. ఇంకొకరి పాస్‌వర్డును మోసంగా వాడితే 66 సి సెక్షను వేరే ఉంది. మొగుడూ పెళ్ళాల మధ్య, అన్నదమ్ముల మధ్య ఆస్తి తగాదాల్లో ఎదుటివారి కంప్యూటర్ తెరవాలని చూసేవారు ఇది గుర్తుంచుకోవాలి.

కాగితం మీద రాయవచ్చునా

పాస్‌వర్డ్ ఎక్కడా రాయవద్దని బళ్ళో చెపుతారు, బ్యాంకులో చెపుతారు. ఏటీఎం కార్డు వెనకాల రాసుకునేవారిని చూశాక ఆ మాట చెప్పడంలో తప్పు లేదు. కానీ ఇంటి కంప్యూటర్ సంగతి వేరు. అమెరికాలో ఈ శాస్త్రంలో పేరున్న బ్రూస్ ష్నయర్ 2005లోనే, గట్టి పాస్‌వర్డ్ పెట్టుకుని కాగితం మీద రాసి డబ్బు దాచే చోటే దాచుకొమ్మని చెప్పాడు. చిన్న కాగితాలను భద్రంగా దాచడం మనకు ముందే వచ్చిన విద్య అని ఆయన వాదన. పట్టాదారు పాసు పుస్తకం, బంగారం రసీదు ఉండే సందుగలో ఇంకో చీటీకి చోటుండదా? సముద్రం అవతల కూర్చున్న దొంగ మన సందుగ దాకా రాలేడు. కాగజ్‌నగర్ మిల్లు 2014లో మూతపడి 2018లో మళ్ళీ తెరుచుకునేదాకా ఎదురుచూసిన జిల్లాకు కాగితం విలువ నేను చెప్పాలా!

గజిబిజి అక్షరాలు, మూడు నెలలకోసారి మార్పు అనే నియమాలు కూడా తిరగబడ్డాయి. ఆ నియమాలను 2003లో అమెరికా ప్రభుత్వ ప్రమాణాల సంస్థకు రాసి ఇచ్చిన బిల్ బర్, 2017లో తానే వాటిలో చాలా వాటికి విచారిస్తున్నానని పత్రికలకు చెప్పాడు. అదే ఏడాది ఆ సంస్థ కూడా, కారణం లేకుండా ఊరికే మార్పించవద్దని రాసింది. నాలుగు మామూలు మాటలు కలిపి పొడుగ్గా పెట్టుకుంటే గుర్తూ ఉంటుంది, ఊహించడమూ కష్టం. మన పొలం పేరు, మేనమామ ఎద్దు పేరు, చిన్నప్పుడు తిన్న తినుబండారం, ఇట్లా. పెండ్లి తేదీ, బండి నంబరు మాత్రం వద్దు. అవి ఊరందరికీ తెలుసు.

చీటీలో మూడు సంగతులుండాలి: ఖాతా ఈమెయిల్, పాస్‌వర్డ్, ఆ 48 అంకెల సంఖ్య. రాసిన తేదీ కూడా వెయ్యాలి, మార్చినప్పుడల్లా పాత చీటీ చించెయ్యాలి. దూర దేశంలో ఉన్న మనిషికి ఏదైనా జరిగితే ఇంటివారికి దారి ఉండాలని గూగుల్ 2013లో, ఆపిల్ 2021లో ఏర్పాట్లు పెట్టాయి. నా తరువాత ఫలానా వారికి ఇవ్వండి అని బతికుండగానే రాసి పెట్టుకోవచ్చు. అశుభం అని ఎవరూ ఆ మాట ఎత్తరు. గల్ఫ్ నుంచి పెట్టెలో వచ్చినవారి ఇండ్లలో తాళం పడిన ఫోన్లను చేతిలో పట్టుకుని కూర్చున్న తల్లులను చూసినవారికి అది అశుభంగా తోచదు.

మా బావ ఇంటి సంగతి చెప్పి ముగిస్తాను. ఫోటోలు పోయాయని తెలిసిన రాత్రే కొడుకు దుబాయి నుంచి, "బాపూ, ఇగ దాన్ని ముట్టకుండ్రి, అందుల ఏం ఎక్కియ్యకుండ్రి" అన్నాడు. అది తెలివైన మాట. పాత రకం హార్డ్ డిస్కును ఫార్మాట్ కొట్టినా, దాని మీద కొత్తవి ఎక్కించనంత వరకు పాతవి కొంత మిగిలి ఉంటాయి. ఇప్పటి ఎస్‌ఎస్‌డి డిస్కుల్లో ఆ ఆశ దాదాపు లేదు. డిస్కు విప్పి కరీంనగర్‌లో ఈ పని తెలిసిన ఇంకొకాయన దగ్గరికి తీసుకుపోయాం. నాలుగు రోజులు పట్టింది. విండోస్ మళ్ళీ ఎక్కించిన చోటున్నవి పోయాయి, కొన్ని సగం బూడిద రంగులో వచ్చాయి. మొత్తం అరవై రెండు ఫోటోలు దక్కాయి. వాటిలో మా మేనత్తవి మూడు. ఒకటి బతుకమ్మ దగ్గర, రెండు మనవరాలి ఓణీల ఫంక్షన్లో. మూడింటినీ ఆ రోజే కాగితం మీద అచ్చు వేయించాం.